పన్నెండు మెట్లు, మా నాన్న

చాలాకాలంగా వ్రాయాలనుకొంటూ వాయిదా వేస్తూ వచ్చిన విషయమిది. నాన్న ఉన్నన్నాళ్ళూ వ్రాయకూడదనుకొన్నాను. ఆయన పోయాక వ్రాయాలనిపించలేదు. ఇప్పుడు వ్రాయక తప్పని పరిస్థితి ఒక ఫోను వల్ల వచ్చింది. నాన్న పేరు గానీ, ఆ గదిలో ఆయనతోపాటు కూర్చొన్నవారి పేర్లు గానీ ఇందులో ఉండవు. పేరు చెప్పుకోకపోవడమే వారి కట్టుబాటు.

ఫోను చేసినావిడ మా చిన్ననాటి సంఘంలో నాకంటే పదేళ్ళు చిన్నది. భర్త తాగుడు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆవిడ మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరితోనూ అనలేదు. "అక్కా, ఆ ఏఏ మీటింగుల్లో యేసుప్రభువు పేరు ఎత్తరట కదా? ఎవరి దేవుడు వాళ్ళకేనట. మనవాళ్ళు వెళ్ళవచ్చా?" అని అడిగింది. ఒక్కమాటలో జవాబు చెప్పలేక మళ్ళీ మాట్లాడతానన్నాను. సరిగ్గా ఆ ప్రశ్నే 1998లో మా నాన్న మా అమ్మను అడిగాడు. అమ్మ చెప్పిన జవాబు: "ఇన్నేళ్ళూ ఆయన పేరు ఎత్తుతూనే తాగారుగా."

నాన్న సికింద్రాబాదులో రైల్వే గుమాస్తా. మేము ఉన్నది లాలాగూడ క్వార్టర్లలో. లూథరన్ కుటుంబం, తాతల నాటినుండీ గుంటూరు వైపువాళ్ళం. నాన్నకు మంచి గొంతు. పురుషోత్తమ చౌదరి కీర్తనలు హార్మోనియం మీద ఎత్తుకొంటే వెనుక బల్లలమీద ముసలివాళ్ళు కళ్ళు మూసుకొనేవారు. శనివారం రాత్రి రిక్షావాడు మోసుకొచ్చి అరుగుమీద పడుకోబెట్టిన మనిషే ఆదివారం ఉదయం ఇస్త్రీ చొక్కాతో పాట ఎత్తుకొనేవాడు. ఆ రెండింటి మధ్య నేనూ తమ్ముడూ ఎలా పెరిగామో వివరించను. తాగుబోతుల ఇళ్ళలో పెరిగినవారికి వివరించనక్కరలేదు, పెరగనివారికి వివరించినా తెలియదు.

ప్రార్థన చేయించలేదా అంటే, చేయించని చోటు లేదు. ఉపవాస ప్రార్థనలు, స్వస్థత కూటాలు, తలమీద నూనె. నాకు తెలిసి మూడుసార్లు నాన్న వేదిక ఎక్కి తాను విడుదల పొందానని సాక్ష్యం చెప్పాడు. మూడుసార్లూ అబద్ధం చెప్పలేదని ఇప్పటికీ నమ్ముతాను. చెప్పిన పూట అది నిజమే. కానీ సాక్ష్యం చెప్పిన మనిషి తరువాతి వారం తాగితే, ఆ సంగతి ఎవరితో చెప్పుకొంటాడు? అదివరకు ఒక్క తాగుడే పాపం, ఇప్పుడు దానిమీద అబద్ధసాక్ష్యం కూడా. మూడోసారి తరువాత కాపరిగారు నాన్నను పాటనుండి తప్పించారు. ఆయన కఠినుడు కాడు, సంఘం నోళ్ళకు జడిసిన మనిషి.

మధ్యలో ప్రభుత్వం మీద కూడా ఆశ పెట్టుకొన్నాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడిన కథ అమ్మ పేపరులో చదివి కత్తిరించి దాచుకొంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చిన రోజు మా ఇంట్లో పాయసం. 1997లో ఆ నిషేధాన్ని సడలించేదాకా నాన్న తాగుతూనే ఉన్నాడు, కాకపోతే సరుకు ధర పెరిగింది. నా ఎంసెట్ కోచింగుకని అమ్మ పోగుచేసిన నాలుగువేల అయిదువందలు 1996లో ఆ పెరిగిన ధరకే పోయాయి.

ఆఫీసులో సహోద్యోగి ఒకాయన 1998 జూలైలో నాన్నను మొదటిసారి మీటింగుకు తీసికెళ్ళాడు. ఒక చర్చి ఆవరణలో వెనుకనున్న గది. గుడిలోకి రానివ్వలేనంతగా చెడిన మనిషిని గుడి పెరట్లో కూర్చోబెట్టారని నాన్న తరువాత నవ్వుతూ అనేవాడు. ఆ రాత్రి మాత్రం మండిపడుతూ వచ్చాడు. గదిలో ఎనిమిదిమంది. ఒక ఆటోడ్రైవరు అల్లా అన్నాడట. ఒక రిటైర్డ్ మాష్టారు నరసింహస్వామి అన్నాడట. ఇంకొకాయన తనకు దేవుడే లేడనీ, ఈ గదీ ఈ మనుషులూ ఈ టీయే తనకంటే పెద్ద శక్తి అనీ చెప్పాడట. మెట్లలో దేవుడి పేరు ఉంది గానీ, ఎవరికి అర్థమైనట్టు వారికి అన్న వెసులుబాటు కూడా దాని పక్కనే ఉంది. "దేవుణ్ణి అర్థం చేసికోవడానికి మనమెవరం? ఆయనే మనకు తెలియజేసికోవాలి గానీ. ఇది విగ్రహాలు చేసికోవడం లాంటిదే!" అని నాన్న గట్టిగా వాదించాడు. వేదాంతంగా చూస్తే ఆయన మాటలో తప్పులేదు. తాగివచ్చి ఆ వాదన చేశాడన్నదే ఇబ్బంది.

ఆ వెసులుబాటు ఎలా వచ్చిందో నేను చాలా ఏళ్ళ తరువాత చదివి తెలిసికొన్నాను. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ పుట్టిందే క్రైస్తవ ఉజ్జీవపు పెరట్లో. ఫ్రాంక్ బుక్‌మన్ అనే అమెరికన్ లూథరన్ పాదిరి మొదలుపెట్టిన ఆక్స్‌ఫర్డ్ గ్రూపులో నలుగురు కూడి తమ తప్పులు ఒకరితో ఒకరు చెప్పుకొనేవారు, అన్యాయం చేసినవారికి బాకీ తీర్చేవారు, ఉదయం మౌనంగా ప్రార్థించేవారు. న్యూయార్కులో షేర్ల వ్యాపారం చేసి దివాళా తీసిన బిల్ విల్సన్ వద్దకు 1934 చివరిలో పాత తాగుడు స్నేహితుడొకడు తాగకుండా వచ్చాడు. వాడిని ఆ గుంపే ఒడ్డుకు చేర్చింది. ఆ డిసెంబరులో బిల్ ఆసుపత్రిలో చేరి, మళ్ళీ తాగలేదు. 1935 మే నెలలో పనిమీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ వెళ్ళాడు. పని చెడింది. హోటల్ వసారాలో నిలబడితే పక్కనే బారు సందడి. అక్కడికి వెళ్ళకుండా, చర్చిల జాబితా చూసి ఒక పాదిరికి ఫోను చేశాడు. మాట్లాడటానికి తనలాంటి తాగుబోతు ఒకడు కావాలని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జను. బాబ్ ఆఖరిసారి తాగిన ఆ జూన్ 10వ తేదీనే ఆ సంస్థ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

నాకు ఈ కథలో నచ్చే సంగతి, బిల్ ఆ రోజు ఇంకొకడిని రక్షించడానికి ఫోను చేయలేదు. తాను తాగకుండా ఉండటానికి చేశాడు. సేవ అంటే మన సంఘాల్లో ఉన్న అర్థానికి ఇది పూర్తిగా తిరగేసిన అర్థం.

ఏక్రన్‌లో తొలినాళ్ళలో వారు చదివిన పుస్తకం బైబిలే. కొండమీద ప్రసంగం, కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయం, యాకోబు పత్రిక. 1938లో బిల్ మెట్లు వ్రాసినపుడు న్యూయార్కు గుంపులో తగవు వచ్చింది. మరింత క్రైస్తవంగా ఉండాలన్నవారు కొందరు, దేవుడి మాటే వద్దన్నవారు కొందరు. జిమ్ బర్‌వెల్ అనే నాస్తికుడు ఆ రెండో పక్షం. చివరికి ఎవరికి అర్థమైనట్టు వారికన్న మాట చేరింది, ఏడో మెట్టులో మోకాళ్ళమీద అన్న మాట పోయింది. 1939 ఏప్రిల్‌లో పుస్తకం అచ్చయింది. మరుసటి ఏడు ఎడ్వర్డ్ డౌలింగ్ అనే జెస్విట్ గురువు బిల్‌ను వెతుక్కొంటూ వచ్చాడు. ఈ మెట్లకూ తమ ఇగ్నేషియస్ లొయోలా ఆధ్యాత్మిక సాధనలకూ ఉన్న పోలిక చూసి వచ్చానన్నాడు. బిల్‌కు ఆ పోలిక సంగతే తెలియదు.

అంటే నాన్నకు తన విశ్వాసాన్ని పలుచన చేసినట్టు తోచిన ఆ మాట, తాగి చావబోతున్న ఇంకొకడు గుమ్మం దగ్గరే వెనక్కి తిరగకుండా ఉండటానికి పెట్టినది. నాన్నకు అది అక్కరలేదు. ఆటోడ్రైవరుకు కావాలి.

నాన్న ఆ ఏడే రెండుసార్లు మళ్ళీ తాగాడు. రెండుసార్లూ తిరిగి వెళ్ళి, తాగానని చెప్పాడు. ఎవరూ గొంతు పెంచలేదట, టీ ఇచ్చారట. "వేదికమీద విడుదలయ్యానని చెప్పాలమ్మా. ఇక్కడ ఈరోజు తాగలేదని చెబితే చాలు" అన్నాడు నాతో. నవంబరు 9 తరువాత ఆయన తాగలేదు.

అయిదో మెట్టు మన చేసిన తప్పులు దేవుడి ఎదుటా మన ఎదుటా ఇంకొక మనిషి ఎదుటా ఉన్నవున్నట్టు ఒప్పుకోవడం. నాన్నకు స్పాన్సర్‌గా ఉన్నది ఆ నరసింహస్వామి మాష్టారే, ఏటా యాదగిరిగుట్టకు నడిచి వెళ్ళే మనిషి. ఒక సెలవురోజు మాష్టారి ఇంటి డాబామీద నాలుగు గంటలు కూర్చొని అన్నీ చెప్పాడు. ఆదివారం ఆరాధనలో మేమందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాము. అందరూ చదివేది కాబట్టి అందులో ఎవరి పాపమూ ఉండదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఒకరితో ఒకరు ఒప్పుకొమ్మని ఉంది, నాన్న దానిమీద ఆదివారబడిలో పాఠం కూడా చెప్పాడు. ఆ వాక్యానికి లోబడటానికి ఆయనకు సంఘంలో మనిషి దొరకలేదు, గుట్టకు నడిచి వెళ్ళే మనిషి దొరికాడు. ఇది తలచుకొన్నపుడల్లా నాకు కొంత సిగ్గు, కొంత నవ్వు, ఇంకా పేరు పెట్టలేని దేదో కలుగుతుంది.

తొమ్మిదో మెట్టు నా దగ్గరకు వచ్చింది. 1999లో గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. హాస్టలు గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు, చేతిలో మడిచిన రైల్వే కాగితం. క్షమించమని అడుగుతాడేమో, ఏడుస్తాడేమోనని నాకు భయం. ఏడుపులు చాలా చూశాను. నాన్న ఏడవలేదు. కాగితం విప్పి చదివాడు. కోచింగు సొమ్ము, దాని తేదీ. నా టెన్తు పరీక్షల ముందురాత్రి పగలగొట్టిన దీపం. నా స్నేహితురాలు ఇంటికి వచ్చినపుడు అన్న మాట, అక్షరాలా. నేను మరచిపోయినవి కూడా అందులో రెండున్నాయి. "నెలకు మూడువందలు పంపుతాను. నీ సంవత్సరం మాత్రం తిరిగి ఇవ్వలేను" అన్నాడు. నేను సరేనన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను. మనియార్డర్లు పదిహేను నెలలు వచ్చాయి, ఒక్కటీ ఆగలేదు.

అమ్మ దగ్గర ఆ కాగితం చెల్లలేదు. "సాక్ష్యాలు చాలా విన్నాను" అని లేచి వంటింట్లోకి వెళ్ళింది. నాన్న ఆ మాటకు ఎదురుచెప్పలేదు. తరువాతి పదిహేనేళ్ళు చెప్పలేదు. సంఘంలో మళ్ళీ పాడమన్నారు, వెనుక బల్లమీద కూర్చొని పాడాడు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసికొని గిన్నె పక్కవారికి అందించేసేవాడు, ద్రాక్షారసం పేరైనా నోటికి తగలకూడదని. మంగళవారం మీటింగుకు ముందు అమ్మ ఏమీ అనకుండా టీ పెట్టి ఇచ్చేది. 2014 ఫిబ్రవరిలో గుండెపోటుతో నాన్న పోయాడు. సమాధి దగ్గర మాష్టారు చెప్పులు విడిచి నిలబడ్డారు.

ఇది అందరికీ ఫలిస్తుందని నేననను. నాన్నతోపాటు ఆ గదిలో కూర్చొన్న ఎనిమిదిమందిలో ఇద్దరు తాగుడుతోనే పోయారు. 2020లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 27 అధ్యయనాలు పరిశీలించి, మానుకొని నిలబడే విషయంలో ఈ పద్ధతి మిగిలిన చికిత్సలకు తీసిపోదనీ, కొన్నిచోట్ల మెరుగనీ తేల్చింది. అమెరికాలో 1996లో రెండు న్యాయస్థానాలు ఇందులో మతం ఉంది గనుక ప్రభుత్వం ఖైదీలను బలవంతాన పంపరాదన్నాయి. నాస్తికులకు ఇందులో దేవుడు ఎక్కువ, మా సంఘంవారికి తక్కువ. తక్కువనిపించిన క్రైస్తవులు 1991లో కాలిఫోర్నియా శాడిల్‌బ్యాక్ చర్చిలో సెలబ్రేట్ రికవరీ అని వేరే మొదలుపెట్టారు, అందులో క్రీస్తు పేరు సూటిగానే ఉంటుంది.

నిన్న ఆవిడకు ఫోను చేశాను. ముందు డాక్టరు దగ్గరకు తీసికెళ్ళమన్నాను. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వచ్చి ప్రాణంమీదికి రావచ్చు, ప్రార్థన ఉందిగదా అని ఇంట్లో కూర్చోబెట్టవద్దన్నాను. తరువాత పైన వ్రాసినదంతా చెప్పాను, మనియార్డర్లతో సహా. చాలాసేపు మాట్లాడలేదు. "ఆయన ఒక్కడే వెళ్ళాలా అక్కా, నేను ఎక్కడికీ వెళ్ళక్కరలేదా?" అంది. ఇంట్లోవారి కోసం వేరే ఉందనీ, 1951లో బిల్ భార్య లోయిస్ మొదలుపెట్టిన అల్-అనాన్ అదేననీ చెప్పాను. అమ్మగారు వెళ్ళేవారా అని అడిగింది. లేదు, మా అమ్మ ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆ మాటా చెప్పాను.