ఫ్యాక్టరీ మూతపడినా... పరుగు ఆగలేదు!

కారు కొంటే అయిదారేళ్లు వాడటం, తర్వాత మార్చేయడం... ఇప్పటి లెక్క ఇదే. కానీ తయారుచేసిన ఫ్యాక్టరీ మూతపడి నాలుగున్నర దశాబ్దాలు దాటినా, ఆ కార్లను కంటికి రెప్పలా చూసుకుంటున్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. ఆ కార్లన్నిటికీ పుట్టిల్లు ఇంగ్లండులోని అబింగ్‌డన్‌.

ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణంగా పది కిలోమీటర్లు వెళితే థేమ్స్‌ నది ఒడ్డున కనిపిస్తుంది ఆ పట్టణం. పాత క్రైస్తవ మఠం భవనాలు, రాతి వంతెన, నదిలో పడవలు... చూడగానే ప్రశాంతంగా అనిపిస్తుంది. నడిబొడ్డున పదిహేడో శతాబ్దంలో కట్టిన కౌంటీ హాల్‌ ఉంది. రాజకుటుంబంలో పట్టాభిషేకం జరిగినా, పెళ్లి జరిగినా నగర పెద్దలు ఈ భవనం పైకెక్కి కింద గుమిగూడిన జనం మీదికి బన్నులు విసురుతారు. 1761లో మూడో జార్జి పట్టాభిషేకం నాటి నుంచీ ఉన్న ఆచారం ఇది. ఇప్పుడా భవనం మ్యూజియం. అప్పట్లో విసిరిన బన్నుల్ని కూడా అందులో భద్రంగా దాచిపెట్టారు!

బన్నుల మాట సరే, ఆ మ్యూజియం పై అంతస్తులో ఓ కారు కూడా ఉంది. మెట్ల మీదుగా ఎక్కించడం కుదరక క్రేనుతో ఎత్తి, కిటికీలోంచి లోపలికి చేర్చారు. అది ఎంజీబీ. ఈ ఊళ్లోనే, ఫ్యాక్టరీ చివరి రోజుల్లో తయారైన కారు. అబింగ్‌డన్‌ జనానికి అది కేవలం ప్రదర్శన వస్తువు కాదు. చాలా ఇళ్లకు అన్నం పెట్టిన కారు.

గ్యారేజీలో పుట్టింది

ఎంజీ అంటే మోరిస్‌ గ్యారేజెస్‌. సైకిళ్లు బాగుచేస్తూ జీవితం మొదలుపెట్టిన విలియం మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టిన కార్ల దుకాణం పేరది. 1922లో దాని బాధ్యతలు చేపట్టిన సెసిల్‌ కింబర్‌కి ఓ ఆలోచన వచ్చింది. మామూలు మోరిస్‌ కార్లకే అందమైన బాడీ తొడిగి, ఇంజిన్‌కి కాస్త పదునుపెడితే కుర్రకారు ఎగబడదా... అని. ఎగబడింది. గిరాకీ పెరిగి చోటు చాలక, 1929లో అబింగ్‌డన్‌లోని ఓ పాత తోళ్ల ఫ్యాక్టరీకి మకాం మార్చారు. ఎనిమిది పలకల ముద్ర, ‘సేఫ్టీ ఫాస్ట్‌’ అన్న నినాదం అక్కణ్నుంచే లోకమంతా పాకాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అసలు కథ మొదలైంది. 1945లో వచ్చిన ఎంజీ టీసీ అనే చిన్న కారుమీద, ఇంగ్లండులో ఉన్న అమెరికన్‌ సైనికులు మనసు పారేసుకున్నారు. స్టీరింగ్‌ కుడివైపు ఉన్నా, తమ దేశంలో రోడ్డుకి కుడిపక్కన నడపాల్సి వచ్చినా లెక్కచేయకుండా వెంట తీసుకెళ్లారు. అమెరికాలో స్పోర్ట్స్‌ కార్ల మోజుకి అది నాంది. 1955లో వచ్చిన ఎంజీఏ లక్షకు పైగా తయారైతే, అందులో అత్యధికం విదేశాలకే వెళ్లాయి. 1962లో ఎంజీబీ వచ్చింది. 1798 సీసీ ఇంజిన్‌, 95 హార్స్‌పవర్‌, గంటకు సుమారు 160 కిలోమీటర్ల వేగం. ఖరీదు మాత్రం ఉద్యోగస్తుడు ఆశపడగలిగినంతే. మొత్తం అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి.

పండగ మర్నాడే పిడుగు

1979 సెప్టెంబరులో ఊరంతా పండగ. ఎంజీ అబింగ్‌డన్‌కి వచ్చి యాభై ఏళ్లు నిండాయి మరి. వారం పాటు వేడుకలు చేసుకున్నారు. అవి ముగిశాయో లేదో, సోమవారం... అంటే సెప్టెంబరు 10న యాజమాన్యం నుంచి కబురు. ఫ్యాక్టరీ మూసేస్తున్నామని! పౌండు విలువ బాగా పెరగడంతో అమెరికాలో అమ్మే ప్రతి కారు మీదా నష్టం వస్తోందన్నది చెప్పిన కారణం. కార్మికులు, అభిమానులు ఎంత మొరపెట్టుకున్నా ఫలితం లేకపోయింది. 1980 అక్టోబరులో చివరి కారు బయటికొచ్చింది. తర్వాత యంత్రాలు వేలానికి వెళ్లాయి, షెడ్లు నేలమట్టమయ్యాయి.

మిగిలిందల్లా కొన్ని పాత భవనాలు, అభిమానుల పట్టుదల. 1930లో పుట్టిన ఎంజీ కార్‌ క్లబ్‌ కార్యాలయం ఇప్పటికీ అబింగ్‌డన్‌లోనే, పాత ఫ్యాక్టరీ చెంతనే ఉంది. దాని పేరు కింబర్‌ హౌస్‌. ప్రపంచం నలుమూలల నుంచీ ఎంజీ యజమానులు ఇక్కడికి వస్తుంటారు. ఫ్యాక్టరీ ఉన్న వీధిలో కారాపి ఓ ఫొటో తీసుకుంటే వాళ్లకదో తీర్థయాత్ర!

ఆదివారం... గ్రీజు వారం

పాత కారును నడపడం సగం సరదా అయితే, బాగుచేసుకోవడం మిగతా సగం. ఎంజీబీ బానెట్‌ ఎత్తి చూస్తే కంప్యూటర్లు, సెన్సర్లు ఏమీ ఉండవు. ఇంజిన్‌, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, నాలుగు వైర్లు... ఏది ఎందుకుందో కంటికి కనిపిస్తుంది. అందుకే ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు కూడా ఓ పుస్తకం, స్పానర్ల పెట్టె కొనుక్కుని రంగంలోకి దిగిపోతారు. కాకపోతే స్పానర్లు అంగుళాల కొలతవి కావాలి. మిల్లీమీటర్లవి పెడితే నట్టు అంచులు అరిగిపోతాయి.

పనులకు లోటుండదు. కార్బురేటర్‌ మీది మూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడాలి. అది తగ్గితే యాక్సిలరేటర్‌ నొక్కగానే బండి తడబడుతుంది. ముందు చక్రాల దగ్గర కింగ్‌పిన్లకు సుమారు అయిదు వేల కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టాలి. మర్చిపోతే అవి అరిగిపోతాయి, స్టీరింగ్‌ బరువెక్కుతుంది. తీగల చక్రాలున్న కారైతే మధ్యలోని పెద్ద నట్టును రాగి సుత్తితో కొట్టి విప్పాలి. రెండు కార్బురేటర్లూ సమానంగా గాలి పీల్చుతున్నాయా లేదా అని కొందరు రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని మరీ వింటారు... డాక్టరు స్టెతస్కోపు పెట్టినట్టు!

అసలు శత్రువు మాత్రం తుప్పు. శీతాకాలంలో మంచు గడ్డకట్టకుండా అక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తలుపుల కింద ఉండే సిల్స్‌ అనే పెట్టెల్లాంటి భాగాల్లోకి ఆ ఉప్పునీరు చేరితే ఇక అంతే. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది, లోపల రేకు పొడి అవుతుంటుంది. పైకప్పు లేని కారుకు బలమంతా ఆ భాగాల్లోనే. అందుకే పాత ఎంజీబీ కొనేవాళ్లకి అనుభవజ్ఞుల మొదటి సలహా... ఇంజిన్‌ శబ్దం వినకముందు నేలమీద పడుకుని అడుగుభాగం చూడమని. ఇంజిన్‌ బాగుచేయడం తేలిక, బాడీ బాగుచేయడం ఖరీదు. ఓ కారును పూర్తిగా విప్పి కొత్తగా చేయడానికి పెట్టే ఖర్చు, తర్వాత అమ్మితే తిరిగిరాదు చాలాసార్లు. లాభం కోసమైతే ఎవరూ ఈ పని పెట్టుకోరు.

ఈ తుప్పు సమస్యకే 1988లో ఓ అద్భుతమైన పరిష్కారం దొరికింది. ఒకప్పుడు ఎంజీబీ రేకులు అచ్చుపోసిన పాత సాధనాలను వెతికి పట్టుకుని, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోనే కొత్త బాడీలు తయారుచేయడం మొదలుపెట్టింది బ్రిటిష్‌ మోటార్‌ హెరిటేజ్‌ సంస్థ. కారు తయారీ ఆగిన ఎనిమిదేళ్లకు కొత్త బాడీ! చిన్న బోల్టు నుంచి సీటు తోలు దాకా ఇప్పటికీ దాదాపు అన్నీ దొరుకుతున్నాయి. కొత్తగా ఈ సరదాలోకి దిగేవాళ్లు ఎంజీబీని ఎంచుకోవడానికి అదో పెద్ద కారణం.

మన అంబాసిడర్‌కి చుట్టమే!

ఈ ఎంజీలు మనకు అంత పరాయివేమీ కాదు. మన అంబాసిడర్‌కి మాతృక అబింగ్‌డన్‌ పక్కనే ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ కారే. 2014 దాకా తయారైన అంబాసిడర్‌లో ఏళ్ల తరబడి వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌, ఎంజీఏలోని తొలి ఇంజిన్‌... రెండూ ఒకే కుటుంబానివి. ఎంజీబీలో ఉన్నది దాని పెద్దన్న. అంబాసిడర్‌తో కుస్తీపట్టిన మన పాత మెకానిక్కులు ఎంజీ బానెట్‌ ఎత్తితే, తెలిసిన మొహమే పలకరించినట్టుంటుంది. ఇక 2019 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న ఎంజీ హెక్టర్‌ మీద ఉన్నదీ ఆ ఎనిమిది పలకల ముద్రే. చేతులు మారి మారి పేరు చైనా సంస్థ శాయిక్‌కి చేరింది.

ఇంకెన్నాళ్లు?

బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన కార్లకు రోడ్డు పన్ను లేదు. పెద్దగా మార్పులు చేయకుంటే 2018 నుంచి వార్షిక తనిఖీ కూడా తప్పనిసరి కాదు. తయారీ ఆగి నలభై ఏళ్లు ఎప్పుడో దాటాయి కాబట్టి ఎంజీబీలన్నీ ఈ లెక్కలోకి వచ్చేశాయి. తనిఖీ అక్కర్లేకున్నా, ఏడాదికోసారి స్వచ్ఛందంగా చేయించుకునే జాగ్రత్తపరులూ ఉన్నారు.

ఇబ్బందులూ లేకపోలేదు. 2000 సంవత్సరం నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోవడంతో ఇంజిన్లలో వాల్వ్‌ సీట్లు మార్పించాల్సి వచ్చింది. 2021లో పది శాతం ఇథనాల్‌ పెట్రోలు వచ్చాక పాత రబ్బరు గొట్టాలు పాడవుతాయని భయం. మన దగ్గర ఇరవై శాతం ఇథనాల్‌ వచ్చాక పాత బండ్లున్నవాళ్ల దిగులు ఎలాంటిదో, వాళ్లదీ అలాంటిదే. గొట్టాలు మారిస్తే ఆ చిక్కు తీరుతుంది. విడిభాగాలూ దొరుకుతాయి. దొరకనిది ఒక్కటే... చేతిపని. శబ్దం విని రోగం చెప్పగల తరం వయసు మీదపడింది. అందుకే పిల్లల్నీ మనవల్నీ గ్యారేజీలోకి పిలిచి స్పానర్‌ అందించమనే తాతలు అక్కడ ఎక్కువ. సరదాగా కనిపించినా, ఆ పనిలోనే ఈ కార్ల భవిష్యత్తంతా ఉంది.

ఎండ కాస్తే చాలు...

కష్టమంతా దేనికంటే, ఎండకాసిన ఓ ఆదివారం కోసం. పైకప్పు మడిచేసి, రెండు పక్కలా పొదల కంచెలున్న సన్నటి పల్లె దారుల్లో నింపాదిగా వెళుతుంటే ఆ ఆనందమే వేరు. సీటు నేలకి దగ్గరగా ఉండటంతో అరవై కిలోమీటర్ల వేగమే వందలా అనిపిస్తుంది. కోసిన గడ్డి వాసన, వేడెక్కిన నూనె వాసన కలిసి వస్తాయి. ఎదురుగా మరో పాత ఎంజీ వస్తే చెయ్యెత్తి పలకరించుకోవడం మర్యాద.

అబింగ్‌డన్‌ నుంచి అలా పడమరకు వెళితే అఫింగ్‌టన్‌ కొండ వస్తుంది. దాని వాలు మీద తెల్ల సుద్దతో తీర్చిన 110 మీటర్ల గుర్రం బొమ్మ... వయసు దాదాపు మూడు వేల ఏళ్లు. పట్టించుకోకుండా వదిలేస్తే కొన్నేళ్లకే గడ్డి కమ్మేస్తుంది. అందుకే తరతరాలుగా జనం ఆ కొండెక్కి, గడ్డి పీకి, కొత్త సుద్ద పరిచి, సుత్తులతో దిమ్మిస్తున్నారు. ఇప్పటికీ వాలంటీర్లే ఆ పని చేస్తున్నారు. ఎంజీ యజమానులకు ఆ పని గురించి వేరే చెప్పక్కర్లేదు.

వెళ్లాలనుకుంటే...

అబింగ్‌డన్‌కి రైలు లేదు. లండన్‌ పాడింగ్టన్‌ స్టేషన్‌ నుంచి సుమారు గంటలో ఆక్స్‌ఫర్డ్‌ చేరుకుని, అక్కణ్నుంచి బస్సెక్కాలి. కౌంటీ హాల్‌ మ్యూజియం ప్రవేశం ఉచితం. కారు చూశాక, ఆ బన్నుల్ని చూడటం మాత్రం మర్చిపోవద్దు!