తిరుగు ఊపిరి

మా రాయచోటి ప్రాంతంలో బావులు లోతైనవి. వేసవిలో నీరు అడుగంటితే పూడిక తీయడం నా బాల్యంలో ప్రతియేటి పని. ఒకనాడు మా కపిలబావిలోకి దిగబోతూ పెదనాయన లాంతరును తాడుకు కట్టి ముందుగా లోనికి వదిలాడు. సగం లోతు దాటగానే దీపం ఆరిపోయింది. ఆయన మారుమాటాడక నడుముకు కట్టుకున్న తాడు విప్పేశాడు. గట్టుమీది వారు నవ్వారు. "దిగేదానికేముంది నాయనా, ఎవురైనా దిగుతారు. ఎక్కేదానికి ఊపిరి ఉండాదా అని ముందు చూసుకోవల్ల" అన్నాడాయన.

ఆ మాట నాకు చాలా ఏళ్ల తరువాత మళ్లీ గుర్తుకు వచ్చింది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డు నిర్మించిన 'నిస్తార్' నౌక 2025 జులై 18న నావికాదళంలో చేరింది. లోతైన సముద్రంలో గజ ఈతగాళ్లకు, ఆపదలో చిక్కిన జలాంతర్గాములకు అండగా నిలవడం దాని పని. నిస్తారమంటే గట్టెక్కడం. ఆ పేరే నన్ను నీటి అడుగున ఊపిరి ఎట్లా సాగుతుందో తెలుసుకొనేటట్లు చేసింది.

ఈతగాళ్లు వాడే సాధనాలలో రీబ్రీదర్ ఒకటి. విడిచిన గాలిలోని బొగ్గుపులుసు వాయువును అందులోని సున్నపు గుళికలు పీల్చుకుంటాయి. తగ్గిన ప్రాణవాయువును యంత్రం పూరిస్తుంది. నిమిషానికి ఒకటి రెండు లీటర్లతో పని జరిగిపోతుంది. కాని ఆ యంత్రమే మొరాయిస్తే? అందుకే వేరొక సిలిండరు వెంట ఉండాలి. దానినే బెయిలవుట్ గ్యాస్ అంటారు. దాని నుండి పీల్చిన గాలి విడిచిన వెంటనే బుడగలై నీటిలో కలిసిపోతుంది.

నీటిపైన నిమిషానికి 20 లీటర్ల గాలి పీల్చే మనిషికి 40 మీటర్ల లోతున 100 లీటర్లు కావాలి. అక్కడ పీడనం అయిదు రెట్లు కదా! 12 లీటర్ల సిలిండరులో 200 బార్ల పీడనంతో నింపిన గాలి సుమారు 2400 లీటర్లు. అంటే ఆ లోతున 24 నిమిషాలకు సరిపోతుంది. భయంతో శ్వాస రెట్టింపయితే మిగిలేది 12 నిమిషాలే. పైగా ఒక్కసారిగా పైకి రాకూడదు. రక్తంలో కరిగిన నత్రజని బుడగలు కట్టకుండా నడుమ నడుమ ఆగుతూ రావాలి. కనుక ఈ లెక్కను నిబ్బరంగా ఉన్నవాని శ్వాసతో కాక, బెదిరినవాని శ్వాసతో కట్టాలి. అత్యంత లోతైన చోటనే ఆపద వచ్చిందనుకొని కట్టాలి.

అభిమన్యునికి పద్మవ్యూహంలో ప్రవేశించడం తెలుసు, వెలువడడం తెలియదు. ద్రోణపర్వం పాఠం చెప్పిన ప్రతిసారీ అతని శౌర్యానికి తల వంచుతాను. ఆ వెంటనే పెదనాయన కళ్లముందు మెదలుతాడు.

దీపం అన్ని విషవాయువులనూ పసిగట్టలేదు. నేడు బావిలో దిగేవారికి గాలిని కొలిచే పరికరమే శరణ్యం. పెదనాయన ఎరిగినది దీపమొక్కటే. దాని మాట ఆయన విన్నాడు. మరో ముప్పై ఏళ్లు బ్రతికాడు. ఆనాడు గట్టుమీద నవ్విన వారిలో నేనూ ఉన్నాను.