మద్దిచెట్టు మీది పట్టుకాయ

పట్టు అనగానే మనకు మల్బరీ తోటలు, ఇంటిలో పురుగుల తట్టలు జ్ఞాపకమొస్తాయి. గోదావరికి ఇరుప్రక్కల చెన్నూరు, కోటపల్లి, మహాదేవపూర్ అడవులలో పండే దసలి పట్టు వేరు. (2016లో జిల్లాలు విడిపోయి ఈ ఊళ్లు మంచిర్యాలలో, భూపాలపల్లిలో చేరాయి గాని, మా నోట ఇంకా ఆదిలాబాదు, కరీంనగరులే.) దసలి పురుగు ఇంట పెరగదు. మద్దిచెట్టు మీదనే ఎండకు, వానకు ఓర్చి బ్రదకాలి.

ఒక ఏడు వానకాలంలో కూటములకు వెళ్లి, కోటపల్లి దగ్గరి పల్లెలో రెండు దినములు నిలిచాము. మాకు అన్నము పెట్టిన పెద్దాయన తెల్లవారకముందే మమ్మును అడవికి తీసుకొనిపోయారు. ఆకుల నడుమ ఆకువలెనే పచ్చగా, వ్రేలికంటె లావుగా పురుగులు! చూపించేవరకు మాకు ఒక్కటీ కనబడలేదు. కాకులకు మాత్రం బాగా కనబడతాయట.

గ్రుడ్డు పగలడానికి తొమ్మిది పది దినాలు. ఆ తరువాత ఐదారు వారాలు మేతే మేత, నడుమ నాలుగుసార్లు కుబుసం విడవడం. చెట్టు ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి మరో చెట్టుకు కట్టాలి. చీమలు, కందిరీగలు, పిట్టలు, అన్నీ శత్రువులే. ఇంటిల్లిపాదీ ఉండేలు పట్టుకొని వంతులవారీగా కాపలా.

"అయ్యగారూ, పసిపిల్లనన్న కాసేపు ఇడిసిపెట్టొచ్చు, దీన్ని ఇడిసిపెట్టరాదు" అన్నారాయన.

ఎదిగిన పురుగు కొమ్మచుట్టూ పట్టుతో ఉంగరం చుట్టి, దానికి గట్టి కాడ వేసి, ఆ కాడకు వ్రేలాడుతూ గూడు అల్లుకుంటుంది. చిన్న కోడిగ్రుడ్డంత కాయ. అమ్మే కాయలలోని పురుగును వేడికి చంపుతారు. చిలుక చీల్చుకొని బయటికి వస్తే దారం తెగిపోతుంది గనుక. మేలైన కొన్నిటిని మాత్రం విత్తనానికి ఉంచుతారు. చలికాలపు పంట కాయలో పురుగు ఎండకాలమంతా నిద్రించి, తొలకరికి చిలుకయై వస్తుంది.

డిసెంబరులో మరల వెళ్లినప్పుడు మా చిన్నమ్మాయి ముచ్చటపడితే, ఆయన విత్తనపు కాయ ఒకటి చేతిలో పెట్టారు. దాని విలువ మాకు అప్పుడు తెలియదు. ఇంటిలో దండెమునకు కట్టి మరచిపోయాము.

జూనులో తొలివాన పడిన మూడవ సాయంత్రం, కాయ కొన తడిసి మెత్తబడింది. దీపం పెట్టే వేళకు మా అరచేతికంటె వెడల్పైన పసుపువన్నె చిలుక గోడను పట్టుకొని ఉంది. రెక్కలలో అద్దపు చుక్కలు. పిల్ల తేనె నీళ్లు పెట్టింది గాని, ఈ చిలుక ఏమీ తినదు. తినే నోరే లేదు. మగచిలుక వస్తుందేమోనని కిటికీ తెరచి ఉంచాము. మా ఊరిలో ఎక్కడనుండి వస్తుంది? వారం తిరగకముందే గోడమీద గ్రుడ్లు పెట్టి రాలిపోయింది. అవి పగలలేదు.

తరువాత వెళ్లినప్పుడు ఆ ఖాళీ కాయను ఆయనకు ఇచ్చాము.

"ఆడదా, మొగదా?" అని అడిగారు.

ఆడదన్నాము. ఆడచిలుక 150కి పైగా గ్రుడ్లు పెడుతుందని అప్పటికి తెలుసుకొన్నాము. ఆయన ఏమీ అనలేదు. కాయను త్రిప్పి చూచి, నూలు వడికేందుకు ప్రక్కకు తీసిన చిల్లుకాయల గంపలో వేశారు.