లాడ్‌బజారులో తరములు

ముసలివారు మర్యాదస్థులనియు, నడివయస్కులు ధనాసక్తులనియు, పడుచువారికి ఓపిక లేదనియు ఇండ్లలోను కచేరీలలోను తీర్పులు చెప్పుట పరిపాటియైనది. చార్మినారునకు పడమరగా సాగు లాడ్‌బజారును ఎరిగిన నాకు ఈ తీర్పులపై నమ్మకము లేదు.

అక్కడి గాజుల అంగళ్ళలో, వచ్చినవారిని కూర్చుండబెట్టి, చాయ్ తెప్పించి, కుశలమడిగిన పిమ్మటగాని బేరమునకు దిగని వృద్ధుల నిదానము పుట్టుకతో అబ్బినది కాదు. ఉర్దూ రాజభాషయై, 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనాభాషయునై యుండిన కాలమున, జాగీరుదారుల మేడలైన దేవిడీల ఆదరముపై బ్రదికిన వ్యాపారికి మాటతీరే మూలధనము; అందుచేతనే పాతబస్తీలోని తెలుగువాడును, మార్వాడీయు సైతము ‘ఆదాబ్’ను తమదిగా చేసికొనిరి. 1948లో నిజాము ప్రభుత్వము ముగిసినది, మరుసటి యేట జాగీరులు రద్దయినవి. ఆదరించినవారు పోయినను వారికొరకు నేర్చిన మర్యాద మాత్రము నిలిచినది.

నడివయస్కుల విషయమున లోకము మరింత నిర్దయముగా నున్నది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట గల్ఫు దేశములకు తరలిన తండ్రులు, ఉత్తరములకు మారుగా క్యాసెట్టులలో తమ గొంతు నింపి పంపుచు, బిడ్డల బాల్యమును దూరమునుండియే గడపిరి. వారు రూపాయి రూపాయికి లెక్క చూతురు, బంధువుల నడుమ మితముగా మాటలాడుదురు. సెలవునకు వచ్చి తన యింటనే అతిథివలె మెలగిన మనిషికి మరియొక నడవడి ఎట్లు అలవడును?

ఇక పడుచువారు. ఫోనుతో చెల్లింపు ముగిసినంతనే మరియొకరివైపు తిరుగు యువకుని చూచి, కుశలమైనను అడుగడాయెనని పెద్దలు నొచ్చుకొందురు. కాని ఆ యీడువాడే వెనుక సందులోని ఇరుకు గదిలో, లక్కను బొగ్గుల కుంపటిపై మెత్తజేసి, లోహపు కడియమునకు ఒదిగించి, వేడి తగ్గకమునుపే చిన్న రాళ్ళను ఒక్కొక్కటిగా పొదుగుచున్నప్పుడు చూడవలెను. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ గాజునకు అతని ఓపికయే ఆధారము. అట్టివాడు కుంపటి విడిచి, హైటెక్ సిటీ వీధులలో భోజనపు పొట్లములు చేరవేయు బండి ఎక్కెనేని, అతడు పోగొట్టుకొన్నది ఓపిక కాదు. గాజులకు దక్కు కూలి అతని యింటికి చాలకుండుటయే అందులకు కారణము.