మినికాయ్ చెప్పే పాఠం



భారతదేశ పటంలో కేరళ తీరానికి పడమరగా, ఆవగింజలు చల్లినట్లు కొన్ని చుక్కలు కనిపిస్తాయి. అవి లక్షద్వీపాలు. పగడపు జీవుల సున్నపు గూళ్లు తరతరాలుగా పేరుకొనగా ఏర్పడిన దీవులివి. మొత్తం భూభాగం 32 చదరపు కిలోమీటర్లు. జనం నివసించేవి పది దీవులు. 2011 లెక్కల ప్రకారం జనాభా 64,473. అయినా ఈ చిన్న నేల మూలంగా మన దేశానికి సుమారు 4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రంపై ఆర్థిక హక్కులు లభించాయి.

వీటిలో అన్నింటికంటె దక్షిణాన, ఒంటరిగా ఉన్నది మినికాయ్. తక్కిన దీవులవారు మలయాళానికి దగ్గరి జెసెరి మాట్లాడుతారు. మినికాయ్ వారి మాట మహల్. అది మాల్దీవుల ధివేహికి చెందినది. దాని లిపి తానా. కుడి నుండి ఎడమకు వ్రాస్తారు. తొలి తొమ్మిది అక్షరాలు అరబ్బీ అంకెల నుండి పుట్టినవి. మన గుడి, కొమ్ముల వలె అచ్చు గుర్తులు హల్లులకు పైన, క్రింద చేరుతాయి. ఈ సంగతి చెప్పినప్పుడు మా ఏడవ తరగతి పిల్లలు ఎంతో ఆశ్చర్యపోయారు.

ఈ భాషను, అరబ్బీని బడుల నుండి తొలగించమని 2025 మే నెలలో అక్కడి విద్యాశాఖ ఉత్తర్వు ఇచ్చింది. త్రిభాషా విధానం పేరిట హిందీకి చోటు కల్పించదలచింది. ఒక విద్యార్థి నాయకుడు న్యాయస్థానాన్ని ఆశ్రయించగా, జూన్‌లో కేరళ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

ఆ దీవులతో మనకేమి పని అంటారా? 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఆ రోజే లక్షద్వీపాలు కేంద్రపాలిత ప్రాంతమైనాయి. భాషా రాష్ట్రాల సరిహద్దులకు ఇవతల మనం మిగిలాము. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనా సౌకర్యాలు కల్పించాలని చెప్పే 350-ఎ అధికరణం ఆ సంవత్సరమే రాజ్యాంగంలో చేరింది. అది మహల్ పిల్లవానికీ, మన పిల్లవానికీ ఒక్కటే.

అయితే ఒక భేదమున్నది. 2011లో మినికాయ్ జనాభా పదివేల పైచిలుకే. మన జిల్లాలలో తెలుగువారు అంతకు ఎన్నో రెట్లు. కాని మా బడిలో ఈ ఏడు ఒకటవ తరగతి తెలుగు విభాగంలో చేరినవారు ఏడుగురే. ఇంట తెలుగు మాట్లాడే తల్లిదండ్రులే ఇంగ్లీషు విభాగం కోరుతున్నారు. మన విషయంలో ఉత్తర్వు కూడ అక్కరలేదు. పిల్లలు లేరన్న కారణం చాలు, విభాగం మూతపడుతుంది.

కనుక తల్లిదండ్రులకు నా విన్నపమొక్కటే. బడిలో చేర్చేటప్పుడు దరఖాస్తులో మాతృభాష అన్నచోట తెలుగు అని వ్రాయండి. ఏ మాధ్యమంలో చదివించినా, తెలుగును ఒక భాషగానైనా కోరండి. అడిగేవారున్నంత వరకే మా చేతిలో సుద్దముక్క ఉంటుంది.