మా మేనేజర్ కాలేజీ ఒంటరైపోయిన వారం

2023 ఆగస్టు 7, సోమవారం. రాత్రి తొమ్మిదిన్నరకి మా స్టాండప్ కాల్. సియాటిల్‌లో అప్పుడు పొద్దున్న తొమ్మిది. మామూలుగా అయితే క్లయింట్ సైడ్ మేనేజర్ కెమెరా ఆన్ చేసి, కాఫీ కప్పు పైకెత్తి, ముందు మధురవాడలో వాన పడుతోందా అని అడుగుతాడు. ఆ రోజు కెమెరా ఆఫ్. గొంతు కూడా బాలేదు. ఇంట్లో ఎవరికైనా ఏమైనా అయిందేమో అనుకుని, కాల్ అయ్యాక విడిగా చాట్‌లో ‘అంతా బాగానే ఉందా?’ అని అడిగా.

‘మా కాలేజీని అందరూ వదిలేసి వెళ్లిపోయారు’ అని రిప్లై పెట్టాడు.

నాకేం అర్థం కాలేదు. ఆయన బీటెక్ లాంటిదేదో పూర్తి చేసి పాతికేళ్లు దాటింది. కాలేజీ ఆటల గురించి అంత వయసు మనిషి సోమవారం పొద్దున్నే దిగులు పడటం ఏంటి? మా కాలేజీ ఏ టోర్నీలో ఆడుతోందో చెప్పమంటే నేను పరువు కోసం ఏదో ఒకటి చెప్పాలి. నిజానికి నాకు తెలీదు.

ఆ వారమంతా రాత్రి కాల్స్ అయ్యాక కూర్చుని చదివా. సిరీస్ చూసినట్టే అనిపించింది.

ఆయన చదివింది వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ. పుల్‌మన్ అనే చిన్న ఊళ్లో ఉంటుంది. ఊరి జనాభా ముప్పై వేల పైచిలుకు. యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో సీట్లు కూడా ఇంచుమించు అన్నే. (ఫుట్‌బాల్ అంటే వాళ్ల ఫుట్‌బాల్, బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది.) అక్కడ కాలేజీలు గుంపులుగా ఏర్పడి ఆడతాయి. ఆ గుంపు పేరు కాన్ఫరెన్స్. మ్యాచ్‌ల టీవీ హక్కుల్ని గుంపంతా కలిపి అమ్మి, వచ్చిన డబ్బు పంచుకుంటారు. పసిఫిక్ వైపు ఉన్న యూనివర్సిటీల గుంపు పాక్-12. దాని మూలాలు 1915లో ఉన్నాయి. ఒక్కో యూనివర్సిటీకి ఏటా మూడు కోట్ల డాలర్లకు పైనే వచ్చేది. మన లెక్కలో రెండొందల యాభై కోట్ల రూపాయల పైమాట. ఒక్క కాలేజీకి, ఒక్క ఏడాదికి! దాన్ని చూసి నేను జీరోలు మళ్లీ లెక్కపెట్టుకున్నా.

కష్టం 2022 జూన్ 30న మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లోని రెండు పెద్ద యూనివర్సిటీలు, యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ, బిగ్ టెన్ అనే వేరే గుంపులోకి వెళ్లిపోతామని ప్రకటించాయి. బిగ్ టెన్‌కి అప్పటికే టీవీ చానళ్ల దగ్గర మంచి గిరాకీ. ఆ ఆగస్టులోనే ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకి ఏడు వందల కోట్ల డాలర్లకు పైన కుదిరిందని వార్తలొచ్చాయి. లాస్ ఏంజెలెస్ పోయిన గుంపుకి మాత్రం చానళ్లతో బేరం కుదరలేదు. ఏడాది తిరిగాక చివరికి ఆపిల్ వచ్చింది. యూనివర్సిటీకి ఏడాదికి రెండు కోట్ల ముప్పై లక్షల డాలర్లు ఇస్తుందని, సబ్‌స్క్రైబర్లు పెరిగితే ఇంకా కలుపుతుందని అన్నారు. అంటే మ్యాచ్ మామూలు టీవీలో రాదు, యాప్‌లో చూడాలి.

2023 ఆగస్టు 4, శుక్రవారం పొద్దున్న దాని మీద సంతకాలు అవుతాయని చాలామంది అనుకున్నారు. సాయంత్రానికి ఆరెగాన్, వాషింగ్టన్ యూనివర్సిటీలు బిగ్ టెన్‌లోకి వెళ్లిపోయాయి. అది కూడా మిగతావాళ్లకి వచ్చేదాంట్లో సుమారు సగం వాటాకే! అదే రోజు అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా ఇంకో గుంపులోకి పోయాయి. కొలరాడో అప్పటికే వారం ముందు సర్దుకుంది. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ ఏకంగా అట్లాంటిక్ తీరం గుంపులో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉండి అట్లాంటిక్‌లో సభ్యత్వం! భీమిలిలో ఉండి మంగళూరు మత్స్యకార సంఘంలో పేరు రాయించుకున్నట్టు. పన్నెండులో చివరికి మిగిలింది ఇద్దరే: ఆరెగాన్ స్టేట్, మా మేనేజర్ వాళ్ల వాషింగ్టన్ స్టేట్.

ఆయన్ని అన్నిటికంటే కాల్చింది సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ వెళ్లిపోవడం. ఆ రెండు యూనివర్సిటీలూ 1900 నుంచి ఒకదానితో ఒకటి ఆడుతున్నాయి. ఒకే రాష్ట్రం, రెండూ సర్కారువే. ‘పక్కింటివాడు ఇల్లు అమ్ముకుని వెళ్తే బాధపడను. గోడ కూడా పట్టుకెళ్లాడు’ అన్నాడు. ఇది ఆయన ఇంగ్లిష్‌లో అన్నదానికి నా తెలుగు, కొంచెం మసాలా కలిపా.

ఇందులో నవ్వొచ్చేవీ ఉన్నాయి. యూసీఎల్‌ఏ, బర్క్‌లీ రెండూ ఒకే కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థలోవి. యూసీఎల్‌ఏ వెళ్లిపోవడం వల్ల బర్క్‌లీకి నష్టం కాబట్టి, ఏడాదికి కోటి డాలర్లు ఇవ్వాలని 2024 మేలో వాళ్ల పాలకమండలి తేల్చింది. అక్కడి జనం దానికి భరణం అని పేరు పెట్టి నవ్వుకున్నారు. డాలస్‌లోని ఎస్‌ఎంయూ అయితే తొమ్మిదేళ్లు టీవీ డబ్బులు వద్దు, మమ్మల్ని చేర్చుకోండి చాలు అంటూ అట్లాంటిక్ గుంపులో చేరింది.

నవ్వు రానిది దూరం. యూసీఎల్‌ఏ ఇప్పుడు న్యూజెర్సీలోని రట్గర్స్‌తో ఒకే గుంపు. మధ్యలో దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు. ఫుట్‌బాల్ వాళ్లు వారానికి ఒక్క మ్యాచ్ ఆడి, చార్టర్డ్ విమానంలో వెళ్లొస్తారు. వాలీబాల్ ఆడే పిల్లలకి వారంలో రెండేసి మ్యాచ్‌లు ఉంటాయి, పరీక్షలూ ఉంటాయి. డబ్బు వచ్చేది ఫుట్‌బాల్ వల్ల, తిరగాల్సింది అందరూ.

ఒక రాత్రి ఇదంతా ఇంట్లో చెప్తుంటే అమ్మ, ‘ఎవరి కాలేజీయో ఎక్కడికో పోతే నీకెందుకురా, భోంచెయ్’ అంది. నాన్న మాత్రం టీవీ సౌండ్ తగ్గించారు.

మేముండేది పీఎం పాలెం దగ్గర. క్రికెట్ స్టేడియం ఫ్లడ్‌లైట్లు మా బాల్కనీలోంచి కనిపిస్తాయి. 2005 ఏప్రిల్ 5న ధోనీ పాకిస్తాన్ మీద 148 కొట్టింది ఇక్కడే. నాకప్పుడు ఏడేళ్లు. ఇంత గ్రౌండ్ ఉన్నా మాకు సొంత ఐపీఎల్ టీమ్ లేదు. ఎవరో ఒకరు వచ్చి కొన్నాళ్లు అద్దెకుంటారు. 2012లో దక్కన్ చార్జర్స్ వచ్చింది. 2015లో సన్‌రైజర్స్ కొన్ని మ్యాచ్‌లు ఆడింది. 2016లో మహారాష్ట్రలో కరువొచ్చి, పిచ్‌లకి నీళ్లు పొయ్యొద్దని కోర్టులో గొడవై, పుణె, ముంబై మ్యాచ్‌లు మాకొచ్చాయి. కరువు వాళ్లది, పండగ మాది. 2024, 2025ల్లో ఢిల్లీ క్యాపిటల్స్ రెండేసి మ్యాచ్‌లు ఇక్కడ ఆడింది. 2025 మార్చి 24న అశుతోష్ శర్మ ఆఖరి ఓవర్లో గెలిపించినప్పుడు కార్‌షెడ్ జంక్షన్ దాకా అరుపులు వినిపించాయి. మేమంతా ఢిల్లీ టీమ్ జెర్సీలు వేసుకుని అరిచాం! రెండు మ్యాచ్‌ల ప్రేమ అది. ఆ వారమే హైదరాబాద్‌లో పాస్‌ల గొడవ వచ్చి సన్‌రైజర్స్ ఊరు మార్చేస్తామని హెచ్చరించినప్పుడు, మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో స్వీట్లు పంచే ఎమోజీలు పెట్టారు. ఒకరి ఇంట్లో తగువైతే మనకి అద్దెకొస్తారన్న ఆశ.

డబ్బు లెక్క చెప్పాలంటే, 2020లో బోర్డు ఒక్కో ఐపీఎల్ మ్యాచ్‌కి రాష్ట్ర సంఘానికి అందే మొత్తాన్ని కోటి రూపాయలు చేసింది. ఇక మా సందు లెక్క వేరే. ఎదురు ఖాళీ స్థలంలో బైక్ పార్కింగ్ వందకి, నీళ్ల సీసాలు, బుగ్గల మీద రంగులు. మూల మీద టీ కొట్టాయన మ్యాచ్ రోజు ఇద్దరు పిల్లల్ని అదనంగా పనికి పెట్టుకుంటాడు. షెడ్యూల్ వచ్చిందా అని నన్నే అడుగుతాడు, సాఫ్ట్‌వేర్ కాబట్టి ముందే తెలుస్తుందని ఆయన నమ్మకం.

నాన్న టీవీ సౌండ్ తగ్గించారన్నాను కదా. ఆయన ఆంధ్రా యూనివర్సిటీకి వాలీబాల్ ఆడి, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలో చేరారు. వాల్తేరు డివిజన్. అప్పట్లో అది ఆగ్నేయ రైల్వే కింద ఉండేది, హెడ్ ఆఫీస్ కోల్‌కతా. సెలక్షన్లంటే కోల్‌కతా బండెక్కడమే. 2003లో తూర్పు కోస్తా రైల్వే వచ్చి, డివిజన్ భువనేశ్వర్ కిందకి మారింది. ‘నిన్నటిదాకా మాతో కలిసి ఆడినవాళ్లు మర్నాటి నుంచి నెట్ అవతల’ అన్నారు నాన్న. ఇప్పుడు విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ వస్తోంది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర కేబినెట్ డివిజన్ని విశాఖ, రాయగడల మధ్య పంచడానికి ఒప్పుకుంది. రిటైర్మెంట్‌కి దగ్గర పడ్డ నాన్నకి మూడో జోన్ అవుతుంది. ‘మీ మేనేజర్‌ని దిగులుపడొద్దని చెప్పు, రెండేళ్లకి అలవాటైపోతుంది’ అన్నారు. నేను చెప్పలేదు. ఆయనకి అలవాటు కావడం ఇష్టం లేదు.

అసలు విషయం చెల్లిది. 2024లో ఈఏపీసెట్ రాసింది. నాన్న ఎత్తు, నాన్న స్మాష్. ర్యాంకు మరీ గొప్పది కాదు, మరీ తీసిపారేసేదీ కాదు. మాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి జేఎన్‌టీయూ గురజాడ కింద ఉన్న అనుబంధ కాలేజీలో కన్వీనర్ సీటు. రెండోది సొంతంగా యూనివర్సిటీ హోదా ఉన్న ప్రైవేటు సంస్థ. ఫీజు తేడా ఏడాదికి రెండు లక్షల పైనే. నేను లోన్ తీసుకుంటానన్నా.

ఎందుకంటే ఆ తేడా ఆటలో కూడా ఉంది. అనుబంధ కాలేజీ పిల్లలు ముందు అంతర్ కళాశాల పోటీలు ఆడాలి, అక్కడ సెలక్టర్ల కంట్లో పడాలి, అప్పుడు యూనివర్సిటీ జట్టు, తర్వాత సౌత్ జోన్, అందులో మొదటి నాలుగు జట్లలో ఉంటే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీ. అక్కడి పతకం రైల్వేలాంటి చోట ఉద్యోగానికి లెక్కకొస్తుంది. సొంత హోదా ఉన్న సంస్థ అయితే మొదటి మెట్టు ఎక్కక్కర్లేదు, తన పిల్లలతోనే జట్టు కట్టి నేరుగా సౌత్ జోన్‌కి పంపొచ్చు. నేను చదివిన రోజుల్లో (2015-19) మా కాలేజీలు కాకినాడ జేఎన్‌టీయూ కింద ఉండేవి. అన్ని జిల్లాల పిల్లలతో పోటీ. నేను సెలక్షన్‌కి వెళ్లి, వేడిగా పెసరట్టు ఉప్మా తిని తిరిగొచ్చేశా. 2022లో విజయనగరంలో గురజాడ యూనివర్సిటీ వచ్చాక ఉత్తరాంధ్ర కాలేజీలు దాని కిందకి మారాయి. గుంపు చిన్నదైంది. జట్టులో చోటు దొరకడం తేలిక, జట్టు గెలవడం కష్టం. పాక్-12 గురించి చదవకపోయి ఉంటే నాకు ఈ లెక్క తట్టేది కాదు.

లోన్ ఫారం కూడా డౌన్‌లోడ్ చేశా. చెల్లి ఒక్కటే అడిగింది: ‘అన్నయ్యా, అక్కడ అమ్మాయిల టీమ్ ఉందా?’

బ్రోచర్‌లో ఇండోర్ కోర్టు ఫొటో ఉంది, జిమ్ ఉంది, నీలం రంగు ఫ్లోరింగ్ ఉంది. ఫోన్ చేశాం. అడ్మిషన్ ఆఫీసులో అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. అమ్మాయిల వాలీబాల్ జట్టు ఇంకా లేదట, ఆసక్తి ఉన్నవాళ్లు పదిమంది వస్తే చూస్తారట. ఇక ఆ అనుబంధ కాలేజీలో మట్టి కోర్టు, అరిగిన నెట్, మధ్యాహ్నం మూడున్నరకి విజిల్ వేసే ఒక పీడీ సార్ ఉన్నారు. నాన్న స్వయంగా వెళ్లి సాయంత్రం ప్రాక్టీస్ చూసి వచ్చారు. ‘పన్నెండు మంది పిల్లలున్నారు. సార్ తిడుతున్నాడు. చాలు’ అన్నారు.

మా కాలేజీలో కూడా ఒక కోర్టు ఉండేది. స్పోర్ట్స్ ఫీజు అని నాలుగేళ్లు కట్టించుకున్నారు, మూడో ఏడాది అందులో కార్లు పెట్టారు. నేను ఏమీ అనలేదు. అనాల్సింది.

2025 జూన్‌లో మా మేనేజర్ మళ్లీ ఒకరోజు కెమెరా ఆఫ్ చేశాడు. వాళ్ల యూనివర్సిటీ ట్రాక్ అండ్ ఫీల్డ్‌లో దూకడం, విసరడం లాంటి ఈవెంట్లు తీసేసి, దూరపు పరుగుల మీదే దృష్టి పెడతామని ప్రకటించింది. అదే జూలై నుంచి అక్కడి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా ఏడాదికి రెండు కోట్ల అయిదు లక్షల డాలర్ల దాకా ఇవ్వొచ్చని కోర్టు సెటిల్‌మెంట్ అయింది. ఇచ్చే స్తోమత ఉన్నవాళ్లకి అది. షాట్‌పుట్ విసిరే అమ్మాయికి టీవీ డీల్‌తో ఏం సంబంధం అని అడిగితే, ‘ఏ సంబంధం లేదు, అందుకే ముందు ఆమె పోయింది’ అన్నాడు.

ఇప్పుడు కొంచెం తేరుకున్నాడు. మిగిలిన ఇద్దరూ కోర్టుకెళ్లి పాక్-12 పేరుని, ఆస్తుల్ని నిలబెట్టుకున్నారు. బాయిసీ స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్ లాంటివాళ్లని పోగేశారు. 2026 జూలై నుంచి కొత్త గుంపు. పాత మ్యాచ్‌ల గురించి మాట్లాడటం మాత్రం మానలేదు.

చెల్లి రెండో ఏడాదిలో యూనివర్సిటీ జట్టుకి ఎంపికైంది. కాల్‌లో నోరు జారి చెప్పేశా. ఆయన వెంటనే కెమెరా ఆన్ చేసి, ఏ కాన్ఫరెన్స్ అని అడిగాడు. సౌత్ జోన్ అన్నా. మ్యాచ్ ఎక్కడ చూడొచ్చు, ఏ చానల్ అన్నాడు. చానల్ లేదు, మా నాన్న ఫోన్‌లో తీస్తారు, లింక్ పంపిస్తా అన్నా.

రాత్రి చూస్తే నాన్న మంచం మీద కూర్చుని, స్టోరేజ్ నిండిపోయిందని గుడ్ మార్నింగ్ ఫొటోలు ఒక్కొక్కటే డిలీట్ చేస్తున్నారు.