దాహం వెయ్యలేదురా

మాది రెంటచింతల పక్క ఊరు. ఎండాకాలం వార్తల్లో అత్యధిక ఉష్ణోగ్రత అంటూ రెంటచింతల పేరు చదివితే చిన్నప్పుడు తెగ గర్వపడిపోయేవాళ్ళం (గర్వపడ్డానికి ఇంకేం లేదు మరి).

పోయినేడు మేలో ఓ మధ్యాహ్నం బెంగుళూరు నుంచి నాన్నకి ఫోన్ చేశా. "జీతం పడిందా?" అన్నారు. రెండు నిమిషాలాగి మళ్ళీ అదే ప్రశ్న. మాట కాస్త ముద్దగా వస్తోంది. నిద్రమత్తేమోలే అనుకుని మీటింగుకి వెళ్ళిపోయా. సర్వరు నుంచి అలర్టు వస్తే అర్ధరాత్రైనా లేచి కూర్చునే నేను! అరగంటయ్యాక మనసొప్పక పక్కింటి బాబాయికి ఫోన్ చేశా. ఆయన వెళ్ళి చూసి, ఒళ్ళంతా తడిగుడ్డ కప్పి, ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సెలైన్ పెట్టారు. గట్టెక్కాం.

ఇంట్లో నేను కొన్న ఏసీ ఉంది. కరెంటు బిల్లని వెయ్యరు. ఫ్యానుందిగా అంటారు. గది వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను చల్లబరచదు సరికదా, ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని నాకూ అప్పుడే తెలిసింది.

"నీళ్ళెందుకు తాగలేదు నాన్నా?" అంటే "దాహం వెయ్యలేదురా" అన్నారు. అబద్ధం కాదుట. వయసు మీదపడ్డాక ఒంట్లో నీళ్ళు తగ్గినా దాహం సరిగా తెలీదుట, చెమటా తక్కువే పడుతుందిట. పైగా ఆయన బీపీ మాత్రల్లో ఒకటి నీటినీ ఉప్పునీ మూత్రంలో బయటికి పంపే రకం. డాక్టరుగారు మోతాదు మార్చారు. (మనంతట మనం ఆపకూడదు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో కూడా ఆయన్నే అడగాలి.) మాట తడబడినా, మతి తప్పినట్టున్నా ఒళ్ళు తడుపుతూ వెంటనే 108కి చెయ్యమన్నారు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్ళు మాత్రం పొయ్యొద్దన్నారు.

2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారని చదివి పేజీ తిప్పేసినవాణ్ణి నేను. వాళ్ళలో ఎంతమంది దాహం వెయ్యలేదన్నారో!

ఇప్పుడు కరెంటు బిల్లు నేనే కడుతున్నా. అయినా పన్నెండింటికి ఏసీ వేసి, గది చల్లబడగానే కట్టేస్తారు. రోజూ రెండింటికి వీడియో కాల్.

"మజ్జిగ తాగారా?"

"తాగాన్రా."

"గ్లాసు చూపించండి."

నిన్న చూపించిన గ్లాసు పొడిగా ఉంది. అడిగితే, "కడిగి తుడిచేశాన్రా" అన్నారు.